సజ్జా క్యాంపు అభిప్రాయం

“సార్, ఇయ్యాలన్న సజ్జా పోదమా?” వ్యాను స్టార్ట్ చేస్తూ అడిగాడు ఆశన్న.

“చూద్దాంలేవయ్యా. ముందు బంగారం బజారుకి పోనీ,” అన్నారు వెనక సీట్లోంచి శ్యాంప్రసాద్.

శాసనసభను ఎలా సంస్కరించాలో ఓటర్లనే అడిగి తెలుసుకోవాలని వేసిన సంఘానికి ఆయన అధ్యక్షుడు. గల్ఫ్‌లో ఉన్న ఓటర్ల మాట కూడా వినాలని మరో నలుగురు ఎమ్మెల్యేలను వెంటేసుకుని దుబాయ్‌లో దిగారు. దిగి మూడు రోజులైంది. ఎడారిలో షికారు అయింది, ఎత్తయిన మేడ ఎక్కడం అయింది, ఓటర్ల వంతే ఇంకా రాలేదు. వాళ్ల వ్యాను తోలే ఆశన్న మాత్రం, సజ్జాలో తానుండే లేబర్ క్యాంపుకి వీళ్లను తీసుకొస్తానని అందరికీ మాటిచ్చి ఇరుక్కున్నాడు. రోజూ నలభై మంది డ్యూటీ దిగి, స్నానాలు చేసి, ఉతికిన చొక్కాలు తొడుక్కుని ఎదురుచూస్తున్నారు. వాళ్లకు ముఖం చూపించలేక చస్తున్నాడు పాపం.

“రేపు మీ ఫ్లైట్ సార్. ఇయ్యాల పోకుంటే ఖలాస్.”

“మీవాళ్ల అభిప్రాయం మాకు తెలియందా? మేమే రాసేస్తాంలే. మొన్న సమావేశాల్లో ఒక్క పూటలో పదకొండు బిల్లులు పాస్ చేశాం, ఇదెంత?”

“గవన్నీ ఎప్పుడు చదివిన్రు సార్?”

వ్యానంతా నవ్వింది. ఆశన్న నవ్వలేదు.

“నేను ఒక్క అరబ్బీ కాయితం చదవకుంట సంతకం పెట్టిన సార్. ఆఫీసు పని అన్నరు. రెండేండ్లు అల్ ఐన్ తోటల్ల ఖర్జూర చెట్లెక్కిన.”

“తప్పు నీదే,” అని మందలించారు శ్యాంప్రసాద్. “చదవకుండా ఎవడు పెట్టమన్నాడు?”

“నిజమే సార్,” అన్నాడు ఆశన్న.

సాయంత్రం హోటల్ దగ్గర దిగేటప్పుడు, ఆశన్న అట్టకు బిగించి అందించిన ట్రిప్ షీటు మీద అయిదుగురూ రోజూలాగే గబగబా సంతకాలు గీకి వెళ్లిపోయారు. క్యాంపులో ఆశన్నకు చీవాట్లు పడ్డాయి. తిట్టడం అయ్యాక నలభై మందీ కూర్చుని, వాదించుకుని, చివరికి ఒక్క మాట మీదికి వచ్చారు.

మర్నాడు ఎయిర్‌పోర్టులో సామాను దించుతూ ఆశన్న చివరిసారిగా అడిగాడు.

“మావోళ్ల అభిప్రాయం ఒక్కటే ముక్క సార్. రాసుకొచ్చిన. జర చూడుండ్రి.”

“టైమెక్కడిదయ్యా? మెయిల్ పెట్టు.”

“సరే సార్. మరి సంతకాలు...” అంటూ అట్ట చాచాడు.

ఒకాయన ఫోను చెవిన పెట్టుకుని, ఇంకొకాయన ట్రాలీ మీద ఆనించి, మొత్తానికి అయిదుగురూ కానిచ్చారు. హోదా కూడా రాయమంటే శ్యాంప్రసాద్ ‘అధ్యక్షుడు’ అని దర్జాగా రాశారు. “యల్లా, యల్లా!” అని నేర్చుకున్న ఒక్క అరబ్బీ మాటతో అందర్నీ లోపలికి తోలుకుపోయారు.

ఆశన్న వ్యానులో కూర్చున్నాడు. స్పీకరు గారి చిరునామా రాసిన కవరులో ఆ కాగితం పెట్టబోతూ, సంతకాల పైనున్న వాక్యాన్ని తృప్తిగా మరోసారి చదువుకున్నాడు.

‘చదవకుండా సంతకం పెట్టే సభ్యుణ్ణి ఓటర్లు ఇంటికి పంపవచ్చు; ఇందుకు మేము సమ్మతిస్తున్నాము.’