నెత్తురు చూసేదాకా

"జరం బిడ్డనెత్తుకోని యాడికి పోతాండావక్కా?"

ప్రొద్దుటూరులో పిల్లల ఆస్పత్రి గడప మీద ఎవరో పిల్ల యశోదకు అడ్డం నిలబడింది. పాతికేళ్లుంటాయేమో.

"ఊరికి. మందులు రాసిచ్చినారు," అంది యశోద.

వీరపునాయునిపల్లె దగ్గర గొర్రెలు మేపుకునే కుటుంబం వాళ్లది. బస్సుకు టైమవుతోంది.

ఆ పిల్ల కదల్లేదు. యశోద భుజం మీద నాలుగేళ్ల గీతాంజలి సోలిపోయి ఉంది. కళ్లు ఎర్రగా, పెదాలు పగిలి ఉన్నాయి.

"ఎన్నాళ్లుగా?"

"వారమాయ."

"ఇది మామూలు జరం కాదు. నెత్తురు పరీక్ష చేపిచ్చు."

"నువ్వు డాక్టరువా?"

"కాదు."

"బిడ్డల తల్లివా?"

"పెండ్లే కాలా."

"మరి నీకేం తెలుసే? జరుగు పక్కకి!"

నర్సు పరుగున వచ్చింది. "అల్ఫియా! వచ్చినోళ్లందర్నీ బెదిరిస్తాండావు. బయటికి పో."

"నెట్టు. రోడ్డు మీద నిలబడి అరుస్తా. ఈ బిడ్డ నెత్తురు చూసేదాకా నోరు ముయ్యను!"

జనం మూగారు. యశోదకు తల కొట్టేసినట్లయింది. పిచ్చిముండ అని నోరారా తిట్టింది.

గోల విని డాక్టరు బయటికొచ్చాడు. పాప నాలుక చూశాడు. వాచిన అరచేతులు చూశాడు. ఆయన ముఖం మారింది.

"రక్తం తీయండి."

రిపోర్టు చూసి యశోదను కూర్చోబెట్టాడు.

"ఒక్క పరీక్షతో తేలే జబ్బు కాదమ్మా ఇది. కానీ రక్తంలో వాపును చూపే గుర్తులన్నీ బాగా పెరిగిపోయాయి. రక్తనాళాలు వాస్తున్నాయి. ఆలస్యమైతే గుండెకే ముప్పు. ఇప్పుడే తిరుపతికి పోండి."

యశోద బయటికొచ్చి చూస్తే అల్ఫియా వెళ్లిపోయింది.

తిరుపతిలో మందు వేళకు పడింది. గీతాంజలి గుండెకు ఏమీ కాలేదు. పాప మళ్లీ గొర్రెపిల్లల వెంట పరుగులు తీస్తుంటే యశోదకు తన నోటి మాటే ముల్లులా గుచ్చుకుంది.

నర్సును అడిగి, జమ్మలమడుగులో అల్ఫియా ఇల్లు వెతుక్కుంటూ పోయింది.

తలుపు తీసింది తల్లి మైమూన్.

"అల్ఫియా యాడమ్మా? కాళ్లు మొక్కేదానికి వచ్చినా."

"పోయిన నెల చనిపోయిందమ్మా. గుండె నిలిచిపాయ."



"ఆస్పత్రికి పోవద్దే, అందరూ తిడతాండారు అంటే వినలా," అంది మైమూన్. "తిట్టనీలే, తిట్లకు ఎవరూ చావరు అనేది."

"పెండ్లి గూడా కాని పిల్ల... ఈ జబ్బు సంగతి తనకెట్ల తెలుసు?"

మైమూన్ కళ్లు తుడుచుకోలేదు. తలెత్తి చెప్పింది.

"నీ బిడ్డ ఈడులో దానికీ ఇదే వచ్చిందమ్మా, జరం దిగిందిలే అని మేము ఇంటికి తీసుకపోతిమి."