కాకి ఊరికే ఇచ్చిన రేగుపండు

పిల్లలూ, ఈ కథ మీకింతవరకు ఎవరూ చెప్పలేదు, వినండి.

ఉడుతమ్మ వానాకాలానికని పల్లీలు పాతిపెడుతుంటే కాకి ఒక రేగుపండు తెచ్చింది. "ఊరికే తీసుకో వదినా, ఊఁ అంటే చాలు."

ఉడుతమ్మ పండు నములుతూ ఊఁ అంది.

ఆనాటి నుంచి పల్లీలు తగ్గసాగాయి. ఎక్కడ పాతానో మరిచానేమో అనుకుంది, పిల్లలు పస్తుంటారని బెంగపడింది. ఒక పొద్దున కాకి తవ్వుతూ దొరికిపోయింది.

"ఊఁ అన్నావుగా, రోజుకో పల్లీ నాది," అంది కాకి. "వద్దనుకుంటే తాటిచెట్టు కొసన మా గూటికొచ్చి చెప్పాలి."

ఇలాగే ఊఁ అనిపించుకున్న, చెట్టెక్కలేని కోళ్లకు చెప్పి చెప్పి కాకికి ఆ మాటే అలవాటైపోయింది.

కాకి ఎగిరి తన గూటికి వెళ్లేసరికి ఉడుతమ్మ చెట్టెక్కి ఆ గూటి పక్కనే కూర్చుని ఉంది. "నాకొద్దు మరిదీ. కోళ్లకూ వద్దట, వాటి తరఫున కూడా నేనే వచ్చాను."

మీకు తెలిసిన వాళ్లలో చెట్టెక్కలేని వాళ్లుంటే, ఈ కథ ముందు వాళ్లకు చెప్పండి.