గంజి తగిలిన కుండ

జంట పిల్లనగ్రోవులు ఊదుతున్నవాడు గంజిగుడ్డకు అంటుకుని ఊడి వచ్చేశాడు. వాడి వెనకాల చిందులేస్తున్న ఇద్దరమ్మాయిలు కూడా నల్లటి మరకలై జారిపోయారు. సంజీవమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. చేతిలో కుండ, కుండకు ఒక పక్కన బోసి మట్టి. రెండో పక్క మాత్రం బొమ్మల్లో ఇంకో నలుగురు హాయిగా నాట్యం చేస్తూనే ఉన్నారు.

సల్వాలో ఆమె పనిచేసే అరబ్బుల ఇంట్లో హాలు గోడవారన గాజుపెట్టెలో పెట్టిన కుండ అది. పొద్దున ఇంటి యజమానురాలు, పనివాళ్లు మామా అని పిలిచే ఆవిడ, బజారుకు పోతూ అటు వేలు చూపించి, శుభ్రం చెయ్యమని చెప్పి పోయింది. పైపైన దుమ్ము దులిపి ఊరుకుంటే పోయేది. కానీ రాయచోటి వైపు ఆడవాళ్లకు మట్టికుండ విషయం ఒకరు చెప్పాలా? సబ్బు తగిలితే మట్టి పీల్చేసుకుంటుంది, ఆ వాసన ఒక పట్టాన వదలదు. అందుకే అన్నం వార్చిన గంజిలో గుడ్డ ముంచి మెత్తగా రుద్దింది. పాపం, జాగ్రత్త పడుతున్నాననే అనుకుంది.

టీ కోసం లోపలికొచ్చిన డ్రైవర్ మస్తాన్ వలి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఎంత పని చేసినావక్కా. మామా తుడవమనింది గాజుపెట్టెను గదా, కుండను కాదు.”

“నాకేం తెలుసు వలీ. కుండ చూపిచ్చిందనుకున్యా.”

అది రెండున్నర వేల ఏళ్ల కిందట గ్రీసు దేశంలో చేసిన కుండని, ఇంటి యజమాని బాబా ప్రాణమంతా దాని మీదే ఉంటుందని వలి చెప్పాడు. దాన్ని చూడడానికే ఎవరో మ్యూజియం పెద్దమనిషి విమానంలో వస్తున్నాడు. ఆయన్ని తీసుకురావడానికి బాబా స్వయంగా వెళ్లాడు. జాబ్రియాలో పింగాణీ ప్లేట్లు పగిలినందుకే ఒక పనామె మీద ఆమెను రప్పించుకున్న యజమాని, కఫీల్, కేసు పెట్టాడని కూడా వలి చెప్పబోయి, సంజీవమ్మ మొహం చూసి మింగేశాడు. అయినా ఆ సంగతి ఆమెకు తెలియంది కాదు. పోలీసులు, జైలు, ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా రద్దు, అన్నీ కళ్లముందు ఒక్కసారిగా తిరిగాయి.

బోసి పక్కను గోడ వైపు తిప్పి పెట్టమన్నాడు వలి. అంతకంటే గతి లేదు. సంజీవమ్మ కుండను పెట్టెలో పెట్టి, తలుపు మూసిందో లేదో, మామా రానే వచ్చింది.

అతిథి వస్తున్నాడు కదా, మామా తిన్నగా గాజుపెట్టె దగ్గరికే నడిచింది. కుండ అడుగున గంజి చుక్క ఒకటి నల్లగా కారి ఉంది. తలుపు తెరిచి, కుండను ఇవతలికి తిప్పింది. మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది.

సంజీవమ్మ గంజిగిన్నె చూపించింది. మామా కొట్టలేదు, తిట్టలేదు. పోయి హాలు తలుపుకు లోపల గడియ పెట్టింది. ఇక ఈ పూటతో తన బతుకు తెల్లారినట్టే అనుకుంది సంజీవమ్మ.

మామా కుండను రెండు చేతులా పైకెత్తి, పాలరాతి నేల మీద వదిలేసింది.

పెంకులన్నీ, పొడితో సహా, సంచిలోకి ఎత్తించింది. వలిని పిలిచి ఎక్కడో దూరంగా పారేసి రమ్మంది. ఆ తర్వాత బాబాకు ఫోన్ చేసింది. అరబ్బీలో సంజీవమ్మకు అర్థమైంది కాసిన్ని మాటలే. నా చేయి జారింది, పడిపోయింది, నా తప్పే. ఫోన్లో బాబా కేక గది అవతలికి వినిపించింది. మామా ఏడుస్తూ అదే మాట మళ్లీ చెప్పింది.

సంజీవమ్మకు దుఃఖం ఆగలేదు. సొంతవాళ్లు కూడా ఇలా కాచుకోరు. ఎదురుగా ఉన్నది తెలుగు రాని మనిషని కూడా మరిచిపోయి కాళ్ల మీద పడింది.

“నా తప్పు నీ నెత్తినేసుకున్యావే మామా. నీ రుణం ఎట్ల తీర్చుకునేది?”

మామా ఆమె పక్కనే నేల మీద కూలబడి, రెండు చేతులూ గట్టిగా పట్టుకుని, వచ్చీరాని హిందీలో బతిమాలింది.

“అసలుదాని రంగు కడిగితే పోయేది కాదు సంజీవా. దాన్ని నేనెప్పుడో అమ్మేశాను. బాబాకు చెప్పొద్దు.”