మాశీమా పెట్టిన ప్లేటు

"ఒక్కటి తినెయ్యి సౌజన్యా. ఇల్లు చేజారిపోయేలా ఉంది," పెదవి కదలకుండా అన్నాడు ప్రదీప్‌కుమార్.

లక్ష్మీసౌజన్య ససేమిరా కదల్లేదు. ఎదురుగా టీపాయ్ మీద ప్లేటు, అందులో పాలవిరుగుడుతో చేసిన రెండు సందేశ్ బిళ్ళలు, పాకంలో మునిగిన ఓ రసగుల్లా. దాని వెనక ఇంటావిడ సువర్ణ, అందరికీ మాశీమా, అంటే పిన్నిగారు, డెబ్బై దాటిన మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆశగా చూస్తోంది. ఆవిడ కొడుకు ఆశిష్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ప్రదీప్‌కుమార్ ప్లేటు ఎప్పుడో ఖాళీ అయిపోయింది.

"నేను పంచదార తినను మాశీమా. మానేశాను," అంది సౌజన్య హిందీలో. తెలుగుని ఆ మొగుడూ పెళ్ళాలు గుసగుసలకి దాచుకున్నారు.

"అయ్యో, షుగరా తల్లీ?"

"కాదు. ఒంట్లో బాగానే ఉంది. బాగున్నప్పుడే మానేద్దామని మానేశాను."

"ఒక్కటి తింటే ఏమవుతుంది?"

"ఒక్కటితోనే కదా మాశీమా మొదలయ్యేది!"

"పోనీ, ఈ రెండోది తిను. ఇది ఖర్జూరపు బెల్లంతో చేసింది."

"అందులోనూ పంచదార కలుపుతారు. కొట్లో అడిగి తెలుసుకున్నాను."

ప్రదీప్‌కుమార్ టీపాయ్ కింద నుంచి భార్య కాలు తొక్కాడు. అతని కంగారుకి అర్థం ఉంది. బ్యాంకు వాళ్ళ గెస్ట్‌హౌస్ రేపటికల్లా ఖాళీ చెయ్యాలి. భవానీపూర్‌లో, మెట్రోకి నడిచి వెళ్ళేంత దూరంలో, ఎర్ర గచ్చుతో, పొద్దుటి ఎండ పడే వంటింటితో ఇలాంటి వాటా మళ్ళీ దొరకదు. ఇది పోతే మిగిలేది షాలిమార్ గూడ్స్ యార్డు గోడ పక్కన గది ఒక్కటే. ఇందాక పక్క వాటా చూడ్డానికి అడుగు పెట్టిన క్షణానే సౌజన్య మనసులో అక్కడ కాపురం పెట్టేసింది కూడా.

"నేను కోడలిగా వచ్చినప్పటి నుంచీ నోరు తీపి చేసుకోకుండా ఈ గడప దాటినవాళ్ళు లేరు," అంది మాశీమా. ప్లేటు ఇంకాస్త ముందుకి తోసింది. "పొద్దున ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎంత బాగా తిన్నారని! అడిగి మరీ పెట్టించుకున్నారు. కదరా ఆశిష్?"

"అవును," అన్నాడు ఆశిష్ ముక్తసరిగా.

"విన్నావా? ఇల్లు వాళ్ళకే. మందనుకుని మింగెయ్యవే బాబూ," బతిమాలాడు ప్రదీప్‌కుమార్.

"మందయితే మింగేదాన్నే."

మాశీమా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అప్పుడు మాత్రం సౌజన్యకి మనసు కరిగింది. పెద్దావిడని ఏడిపించి ఇల్లు పోగొట్టుకోవడం ఏం గొప్ప? చెయ్యి దానంతటదే ప్లేటు వైపు వెళ్ళింది. ప్రదీప్‌కుమార్‌కి ప్రాణం లేచొచ్చింది. సౌజన్య ప్లేటు ఎత్తి, అలాగే మాశీమా ముందుకి జరిపింది.

"ఇల్లు ఇచ్చినా ఇవ్వకపోయినా మీరంటే నాకు గౌరవమే మాశీమా. ఇది మాత్రం తినను."

మాశీమా కన్నీళ్ళు ఇట్టే ఆగిపోయాయి. చెయ్యి గభాలున సందేశ్ మీదికి వెళ్ళింది. అంతకన్నా గభాలున ఆశిష్ వచ్చి ప్లేటు లాగేసుకున్నాడు. లాగేసుకుని, వాళ్ళు వచ్చిన తర్వాత మొదటిసారి నవ్వాడు.

"దీదీ, తాళంచెవి తీసుకోండి. ఇల్లు మీదే."

సౌజన్య మొగుడి వైపు చూసింది. ప్రదీప్‌కుమార్ ఖాళీ అయిన తన ప్లేటు వైపు చూశాడు.

"షుగరు మా అమ్మకి," అన్నాడు ఆశిష్. "నేను తీపి ముట్టనివ్వనని అద్దెకున్నవాళ్ళని మంచి చేసుకుంటుంది. ఇదిగో, ఇలాగే ముఖం పెడుతుంది. వాళ్ళు కాదనలేక దొంగచాటుగా తెచ్చిపెడతారు. పోయిన దుర్గాపూజకి ఊరంతా దీపాలు చూస్తుంటే మేము ఆస్పత్రిలో కూర్చున్నాం. ఆ వాటాలో వాళ్ళని ఖాళీ చేయించాను. మా అమ్మ ముఖం చూసి కూడా కాదు అనగలిగిన మనిషికే ఇస్తానని ఒట్టు పెట్టుకున్నాను. ఇన్నాళ్ళకి మీరు దొరికారు."

"మరి పొద్దున వచ్చినవాళ్ళు?" అడిగాడు ప్రదీప్‌కుమార్.

"వాళ్ళ సంగతి మొదటి రసగుల్లాతోనే తేలిపోయింది దాదా."

మాశీమా మూతి ముడుచుకుని కిటికీ వైపు తిరిగింది. సౌజన్యకి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆఫీసులో, పెళ్ళిళ్ళలో, చుట్టాలిళ్ళలో ఎన్ని దెప్పిపొడుపులు పడిందో, అన్నిటికీ కలిపి ఇవాళ సమాధానం దొరికింది.

"అమ్మగారి సంగతి ఇక నాకు వదిలెయ్యండి," అంది ధీమాగా. "మా ఇంట్లో పంచదార డబ్బా కూడా ఉండదు. కావాలంటే మా ఆయన్ని అడగండి."

ప్రదీప్‌కుమార్ నీళ్ళు నమిలి, అవునన్నట్టు తల ఊపాడు.

వంటింటి కొళాయి ఎటు తిప్పాలో చూపిస్తానని ఆశిష్ ఆమెని పక్క వాటాలోకి తీసుకెళ్ళాడు. గ్రైండరు ఎక్కడ పెట్టాలో, పప్పుల డబ్బాలు ఏ అరలో సర్దాలో చకచకా తేల్చేసుకుని, అతన్ని కొళాయి బిగిస్తుండగా వదిలి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని సౌజన్య వెనక్కి వచ్చింది. గుమ్మానికి వేసిన కర్టెన్ దగ్గర ఆగింది.

మాశీమా కుర్చీ జరుపుకుని ప్రదీప్‌కుమార్ పక్కకి చేరింది. అతని చేతి మీద చెయ్యి వేసి నిమురుతోంది.

"ఇంట్లో డబ్బా కూడా లేదా? ఎలా బతుకుతున్నావు బాబా! మెట్రో దిగి ఇటు వచ్చే దారిలో, మలుపులోనే మిఠాయి కొట్టు. చూశావుగా?"

ప్రదీప్‌కుమార్ పక్క వాటా వైపు ఓసారి భయంగా చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"సందేశా, రసగుల్లానా మాశీమా?"