ఏ ఆటలో నేర్చాడు?

కోపం వస్తే చెయ్యి లేస్తుంది, సరే; కొట్టబోయే ముందు అంత నెమ్మది ఒక పిల్లవాడికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ప్రశ్నలు నర్సన్నకు ఆ రోజు తన గుమ్మంలోనే ఎదురయ్యాయి. ఎదుట పక్కింటి సుశీలాబాయి. ఆమె కొంగు పట్టుకొని మనవడు ప్రథమేశ్. పిల్లవాడి చెవి ఎర్రగా ఉబ్బింది. పెదవి చిట్లింది.

"సూడు నర్సన్నా, నీ కొడుకు చేతి పని. గంత లావు పుస్తకాలు సదువుతవు. పిలగానికి ఒక్క పేజన్న సదివి ఇనిపియ్యకపోతివి?"

నర్సన్న ఎత్తిపొడుపును మింగాడు. ప్రథమేశ్ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నితీశ్ నిన్ను ఎందుకు కొట్టిండురా?"

"నేను అబద్ధమాడిన్నట. వాని గాజు గోలి నేను తియ్యలే అన్న. తీసినవ్ అన్నడు."

"కోపమొచ్చి కొట్టిండా?"

ప్రథమేశ్ కాసేపు గుర్తు చేసుకున్నాడు. "కోపం రాలె. మెల్లగ వాచి ఇప్పిండు. అరుగు మీద పెట్టిండు. అటెన్క కొట్టిండు."

ఆ వాచీ నర్సన్నే కొనిచ్చాడు, నితీశ్ నాలుగో తరగతి పాసైనప్పుడు. చిట్లిన పెదవి కన్నా ఆ ఏర్పాటే అతని ఒళ్లు మండించింది. కోపం మనిషిని లాక్కుపోతుంది. అది బలహీనత, క్షమించవచ్చు. ముందు వస్తువును భద్రం చేసుకొని తర్వాత చెయ్యెత్తేవాడు కొట్టడాన్ని ఒక పనిగా నేర్చినవాడు. నేర్చినవాడు ఉంటే నేర్పినవాడు ఉండి తీరాలి. కారణం లేని కార్యం లేదని చదివిన ప్రతి పుస్తకమూ అతనికి చెప్పింది.

"నితీశ్!"

కొడుకు వచ్చి తలుపు వార నిలబడ్డాడు. తండ్రి ముఖం చూడలేదు, చేతులు చూశాడు.

"ఎక్కడ నేర్చినవు గిది?"

నితీశ్ చూపు తండ్రి చేతుల మీంచి కదల్లేదు.

"గా వీడియో గేమ్ దుకాణంలనే గద?"

వాడు కొంచెం ఆగి తలూపాడు.

"నోటితోని చెప్పు."

"ఔ బాపు. గేమ్‌ల చూసిన."

వంటింటి గడపలోంచి భాగ్యవతి అంది: "గా దుకాణం పెట్టి ఆర్నెల్లు గూడ కాలేదు..."

"నువ్వు నడుమ రాకు," అన్నాడు నర్సన్న. భార్య లోపలికి వెళ్లిపోయింది.

వజీరాబాద్ గల్లీ మలుపు దాకా అతను విసవిసా నడిచాడు. పత్తి జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజర్ కాబట్టి దారిలో ఇద్దరు ముగ్గురు నమస్కారం పెట్టారు. అతను గమనించలేదు. పసివాళ్ల బుర్రలో విషం పోసి, దానికి గంటల లెక్కన కిరాయి తీసుకునే మనిషిని ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాడు.

ఒకప్పటి పిండి గిర్నీ గది అది. గోడ వెంట టీవీలు. చాప మీద పిల్లలు. మీటలు టకటకలాడుతున్నాయి.

"అంబాదాస్, బంద్ చెయ్యి గిదంత."

"చేస్త కాకా," అన్నాడు దుకాణదారు తల తిప్పకుండానే. "ముందుగాల టైమెంతైందో చెప్పుండ్రి. కరెంట్ పోయే యాళ్లైతే ఈ పోరగాండ్లకు పైసలు వాపస్ ఇయ్యాలె."

నర్సన్న అలవాటు కొద్దీ మణికట్టు చూసి టైం చెప్పాడు. చెప్పినందుకు ఇంకా మండింది.

"ఏ ఆటల వాచి ఇప్పి కొడ్తరు? గది పెట్టు. నా కండ్ల ముంగట పెట్టు."

"వాచి ఇప్పి?"

"ఔ. నా కొడుకును ఖరాబ్ చేసిన ఆట. ఈ పొద్దు చూస్త, రేపు నీ దుకాణానికి తాళమేపిస్త."

అంబాదాస్ వాదించలేదు. క్యాసెట్లు ఒక్కొక్కటే మార్చాడు. నర్సన్న చాప అంచున కూర్చొని కళ్లార్పకుండా చూశాడు. పసుపు లాగు వేసుకున్నవాడు గాలిలో ఎగిరి తన్నాడు. ఇంకొకడు గోడలు దూకి పండ్లు తిన్నాడు. విమానాలు కాలిపోయాయి.

"కాకా, నా తర్వాతనే మీ నంబర్," అన్నాడు పక్కనున్న కుర్రవాడు. మిగతావాళ్లు కిసుక్కుమన్నారు.

"అయిపోయినయి," అన్నాడు అంబాదాస్. "తన్నుతరు, గుద్దుతరు. వాచి కట్టుకున్నోడే ఒక్కడు లేడు కాకా, ఇంకేమిప్పుతడు? అయినా మీ నితీశ్ కొట్లాట ఆటలు ముట్టనే ముట్టడు. ఎప్పుడూ కార్ల ఆటనే. ఎవ్వలకు తాకకుంట నడుపుతడు. జర తగిలినా సరే, మళ్ల మొదటికెళ్లి మొదలు పెడ్తడు."

నర్సన్న లేచాడు. ఇంత దూరం మోసుకొచ్చిన కోపాన్ని దించడానికి అక్కడ చోటు లేకపోయింది. గల్లీలోకి వచ్చేసరికి వెనక టీవీలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. పిల్లలు గోల పెట్టారు.

ఆ ఆట లేదు. లేని ఆటలో చూశానన్నాడు నితీశ్.

అంటే వాడు అబద్ధమాడాడు. తండ్రి ఎదుట నిలబడి, నోరు విప్పి అబద్ధమాడాడు. మిగతా ప్రశ్నలన్నీ ఈ ఒక్కదాని వెనక్కి వెళ్లి నిలబడ్డాయి. దుకాణం సంగతి తర్వాత చూడవచ్చు. ముందు వాడిని బాగుచెయ్యాలి. ఇంకో పిల్లవాడి మీద చెయ్యి లేపాలన్న తలంపే వాడికి మళ్లీ రాకూడదు. అది ఈ రోజే జరగాలి, ఇప్పుడే జరగాలి. ఇల్లు చేరేసరికి నర్సన్న నిర్ణయం పూర్తయింది. ఆశ్చర్యంగా, మనసు కూడా నెమ్మదించింది.

"నితీశ్, ఇటు రా."

నితీశ్ వచ్చి నిలబడ్డాడు.

నర్సన్న మెల్లగా వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు.