దానంతటదే వస్తుంది

"చెయ్యి తీయండి!"

మర్జాన్ అరుపుకి ముసలాయన ఉలిక్కిపడలేదు. కంట్రోలర్ పెట్టెలోంచి చెయ్యి మెల్లగా బయటికి తీసి, ఉన్ని తొడుగు వేసుకున్నాడు.

"అయిపోయింది తల్లీ. ఇప్పుడొస్తుంది."

అన్నట్టే ఆమె ఫోన్ మోగింది. కంట్రోల్ రూమ్ నుంచి దౌరెన్.

"అక్కా, లింకొచ్చింది! స్క్రీన్ మళ్లీ పచ్చబడింది."

చలిలో ఇళ్లు వెచ్చగా ఉండేలా నలభై భవనాల రేడియేటర్లలోకి వేడినీళ్లు తోసే మూడో పంపుహౌస్ అది. అక్కడ మనుషులుండరు. పంపు ఎలా నడుస్తోందో కంట్రోలర్ చెబుతుంది, ఆరు కిలోమీటర్ల అవతల స్క్రీన్ మీద వీళ్లు చూసుకుంటారు.

నిన్నటిదాకా నెలలో ఏడుసార్లు ఆ లింకు తెగిపోయింది. ఏడుసార్లూ ముప్పావు గంటకి దానంతటదే వచ్చింది.

మర్జాన్ కేబుల్ మార్చింది. యాంటెన్నా మార్చింది. కొత్తగా పెళ్లాడిన మొగుడు కోటు జేబులో వేసిన బౌర్సాకులు, నూనెలో వేయించిన ఆ పిండిముద్దలు, ఇంకా వెచ్చగా ఉన్నాయేమోనని తడుముకుంటూ, తనలో తాను నవ్వుకుంటూ, మంచులో స్తంభమెక్కి దిగింది.

లింకు తెగుతూనే ఉంది.

నిన్న సాయంత్రం దొంగ దొరికాడు. లింకు ఎప్పుడెప్పుడు తెగిందో కంట్రోలర్ రాసుకుంటుంది. కార్డు గీసి లోపలికి ఎవరొచ్చారో గేటు రాసుకుంటుంది. రెండు చిట్టాలూ పక్కపక్కన పెట్టి చూసింది.

తెగిన ప్రతిసారీ, పాతిక నిమిషాల ముందు ఏడో నంబరు కార్డు లోపలికొచ్చింది.

ఇవాళ మళ్లీ తెగగానే వ్యానులో వచ్చేసింది. ఆ కార్డు ఇప్పుడు ముసలాయన మెడలో వేలాడుతోంది.

"ఎవరు మీరు?"

"ఇక్కడివాణ్ణే. ఈ పంపు వేడినీళ్లు ముందు చేరేది మా ఇంటికే."

"కార్డెక్కడిది?"

"ఇచ్చారు. తిరిగి అడగలేదు."

"మీరు చెయ్యి పెట్టినప్పుడల్లా లింకు తెగుతోంది తాతా."

"తెగినప్పుడే కదా తల్లీ నేనొచ్చేది!"

మర్జాన్ చిట్టా కాగితం తీసి ఆయన ముక్కు ముందు పట్టింది.

"కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. నువ్వే చదువు."

చదివింది. ఏడు తేదీలూ, ఏడు వేళలూ.

ఆయన వాచీ తడుముకున్నాడు.

"నా వాచీకీ ఈ కాగితానికీ పడనట్టుంది."

"మీ వాచీ ఏ కాలం నాటిదో! యంత్రం అబద్ధం చెప్పదు తాతా. చలి కాచుకోవడానికి వచ్చారు సరే, పెట్టెలో వేళ్లెందుకు?"

ముసలాయన మెడలోంచి కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మరి ఇంకోసారి తెగితే ఎవరొస్తారు?"

"ఎవరూ రానక్కర్లేదు. దానంతటదే వస్తుంది."

ఆయన తలూపి, చెవుల టోపీ కిందికి లాక్కుని, మంచులోకి నడిచి వెళ్లిపోయాడు.

అధికారి ఖైసర్ పొంగిపోయాడు. "భలే పట్టావు పిల్లా! ఎవడో తిరుగుబోతు. పోలీసులెందుకులే, కార్డు రద్దు చేసి పారేయ్."

నాలుగు రోజులు లింకు చెక్కుచెదరలేదు. మర్జాన్ దౌరెన్‌కి బౌర్సాకులు పంచింది.

అయిదో రోజు పొద్దున పదింటికి, మంచు తుఫాను మధ్య, స్క్రీన్ బూడిదరంగుకి తిరిగింది.

"అదేంటి? కార్డు నా దగ్గరే ఉందిగా!"

"కంగారెందుకు? ముప్పావు గంటకి వస్తుందిగా," అన్నాడు ఖైసర్, టీలో పాలు పోసుకుంటూ.

ముప్పావు గంట అయింది. గంటన్నర అయింది.

దౌరెన్ గోళ్లు కొరుక్కుంటున్నాడు. "ఈసారి బద్ధకించిందేమో అక్కా."

అప్పుడు మర్జాన్ మొగుడు ఫోన్ చేశాడు. "మన రేడియేటర్ ఐసుముక్కలా ఉందే! పక్కింటి బామ్మ మనవణ్ణి దుప్పట్లో చుట్టుకుని మెట్ల మీద నిలబడింది. ఏం చేస్తున్నారు మీరు?"

ఆ వెంటే మిగతా ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

మర్జాన్, ఖైసర్ వ్యానులో బయల్దేరారు. రోడ్డు కనిపించడం లేదు. ఆరు కిలోమీటర్లకు ముప్పావు గంట పట్టింది.

గేటు దగ్గర మంచు ఒకచోట కుప్పగా ఉంది. మర్జాన్ దాన్ని చూడకుండానే తన కార్డు గీసి లోపలికి పరుగెత్తింది.

పంపుహౌస్ నిశ్శబ్దంగా ఉంది. మోటార్ ఆగిపోయి ఉంది.

పెట్టె తెరిచింది. మోటార్ అదురుకి ఒక ప్లగ్గు వదులై వేలాడుతోంది. బొటనవేలితో లోపలికి నొక్కింది. మోటార్ కదల్లేదు. పక్కన, వేళ్ల రాపిడికి రంగు పోయిన బొత్తాం ఉంది. అదీ నొక్కింది.

మోటార్ గుర్రుమని లేచింది.

లింకు తెగిన ప్రతిసారీ ఇదీ ఆగిపోయేదన్నమాట. మరి ఇన్నాళ్లూ ఎలా...

కంట్రోలర్ మీద చిన్న అంకెలు వెలుగుతున్నాయి. ఒకటీ పదిహేను.

తన ఫోన్ చూసుకుంది. పన్నెండూ పదిహేను.

మార్చిలో దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంది. ఫోన్లు తిరిగాయి, గేటు తిరిగింది. ఈ పెట్టెలో గడియారాన్ని తిప్పాలని ఎవరికీ తోచలేదు.

తాత వచ్చింది లింకు తెగడానికి పాతిక నిమిషాల ముందు కాదు. తెగిన ముప్పై అయిదు నిమిషాల తర్వాత.

"మర్జాన్!"

ఖైసర్ గేటు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో మంచు తోడుతున్నాడు. చువ్వల సందులోంచి లోపలికి చాచిన ఒక చెయ్యి బయటపడింది. తొడుగు లేదు. వేళ్లు గట్టిపడిపోయాయి.

"ఆ తాతే," అంది మర్జాన్.

ఖైసర్ ఆ ముఖం మీది మంచు తుడిచాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తన టోపీ తీసేశాడు.

"ఒరాజ్‌బేక్... స్క్రీన్ వచ్చింది, ఇక మనిషితో పనిలేదని, నాలుగేళ్ల కిందట నేనే ఇంటికి పంపేసిన ఈ పంపుహౌస్ ఆపరేటర్."