పార తగలని మడి

ఆదివారం పొద్దున ఎనిడ్ తన మడి దగ్గరికి వచ్చేసరికి అక్కడ ముగ్గురు నిలబడి ఉన్నారు. మళ్ళ కమిటీ పెద్ద సెడ్రిక్, ఎవరో కొత్త కుర్రాడు, అతని పెళ్ళాం. కుర్రాడి చేతిలో కొత్త పార.

పారను చూడగానే ఆమె అడుగు ఆగింది. మొహం మాత్రం మారలేదు.

మిల్లు ఊరికి ఎగువన, రైలు కట్ట పొడుగునా, పెరడు లేని ఇళ్ళవాళ్ళకి కౌన్సిల్ కౌలుకిచ్చే కూరగాయల మళ్ళవి. ఒక్కో మడి కోసం జనం ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటారు. ఎనిడ్‌ది కట్ట చివరి మడి. సగంలో క్యాబేజీ, బంగాళాదుంప. మిగతా సగంలో ఆస్పరాగస్, ఏటా నేలలోంచి లేచే లేత పిలకల్ని కూరకి కోసుకునే మొక్క, అది తప్ప మరొకటి లేదు.

"ఏమ్మా ఎనిడ్, ఒంట్లో కులాసానా?" అన్నాడు సెడ్రిక్, టోపీ తీసి. పెళ్ళిలో కూడా టోపీ తీయని మనిషి.

"నా ఒంటి సంగతి కనుక్కోడానికి ముగ్గురు కావాలా?"

"అది కాదులే. ఈ ఏడు మళ్ళీ కౌలు పెంచారు కదా. ఒక్కదానివి, ఇంత నేల ఏం చేసుకుంటావు? ఆ సగం ఈ కుర్రాడికి, కాలమ్‌కి, వదిలేస్తే నీ కౌలూ సగమవుతుంది."

"తగ్గించమని నేనడిగానా?"

"అడగలేదనుకో. కానీ ఆ ఆస్పరాగస్ ముసలిదైపోయింది. రెండేళ్ళుగా ఒక్క పిలక లేదు. సాగు చెయ్యని నేల ఉంచుకోకూడదు. రూలు నేను పెట్టింది కాదు తల్లీ."

ఈ మాటలన్నీ ఆస్పరాగస్ వైపు చూడకుండానే అన్నాడు. అటు ఎవరూ సూటిగా చూడరు.

ఆస్పరాగస్ నాటాలంటే మనిషి పొడుగున లోతుగా కందకం తీయాలి. అడుగున పేడ పరిచి, వేళ్ళు పెట్టి మూసెయ్యాలి. మూశాక ఇరవయ్యేళ్ళ దాకా అక్కడ పార తగలకూడదు. మళ్ళు చేసేవాళ్ళందరికీ తెలిసిన పనే. అయితే ఎనిడ్ ఆ కందకం తీసిన వారమే ఆమె మొగుడు క్లిఫర్డ్ ఊళ్ళో కనపడకుండా పోయాడు.

"క్లిఫర్డ్ ఏడమ్మా?" అని అడిగితే, "ఇంట్లో లేడు" అనేది. మళ్ళీ అడిగితే, "ఆస్పరాగస్ నాటాను. మూడో ఏటికి పిలకలొస్తాయి, మీకూ పంపిస్తాలే" అనేది. మూడోసారి ఎవరూ అడగలేదు.

ఒకసారి కానిస్టేబుల్ వచ్చాడు. ఆమె వంటింట్లో టీ తాగాడు. బయటికొచ్చి, ఎవరితోనూ ఒక్క ముక్క చెప్పకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. దాంతో ఊరు ఇంకా బిగుసుకుపోయింది.

మూడో ఏడు పిలకలు నేల చీల్చుకుని లేచాయి, ఊదా కొసలతో, చేతివేళ్ళలా. ఇస్తే తీసుకున్నారు గానీ ఎవరూ నోట పెట్టలేదు. ఆకు పండే కాలంలో ఆ మొక్కలు గాలి లేకపోయినా ఊగేవి. మంచు పట్టిన పొద్దుల్లో అక్కడ క్లిఫర్డ్ దగ్గు వినపడుతుందని పక్క మడి వాళ్ళు చెప్పుకునేవారు. ఎనిడ్‌కీ వినపడేది. విన్నప్పుడల్లా పని ఆపి, అది సద్దుమణిగేదాకా నిలబడిపోయేది.

మాంసం కొట్టువాడు ఆమెకిచ్చే మాంసంలో ఎముక కలిపి తూచడు. పిల్లలు ఆమె మడిలో కాయ ముట్టరు. అదే వీధిలో నోరీన్ ఉంది, మొగుడు ఇంకొకావిడతో వెళ్ళిపోయిన మనిషి. దుకాణంలోకి నోరీన్ వస్తే ఆడవాళ్ళు మాటలాపి, తల ఓ పక్కకి వాల్చి, "ఎలా ఉన్నావమ్మా, పాపం" అంటారు. ఎనిడ్ వస్తే దారి ఇస్తారు.

ఆ నేల తెరిస్తే మాత్రం ఆమె ఇక ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేదు. అందుకే చలికాలం బొగ్గు తగ్గించుకుంది. మాంసం ఆదివారానికే అనుకుంది. కౌలు పెంచినప్పుడల్లా మారు మాట్లాడకుండా కట్టింది.

"మీకేం శ్రమ ఉండదు పెద్దమ్మా," అన్నాడు కాలమ్. ఊరికి కొత్త, అతనికేం తెలియదు. "వేళ్ళన్నీ నేనే పెకలించేస్తాను."

"ఎంత లోతు తవ్వుతావు నాయనా?"

"ఎంత లోతైనా. బొగ్గుగనిలో చేసినవాణ్ణి."

"అయితే ముందు మీ ఆవిణ్ణి ఇంటికి పంపించు. వట్టిమనిషి కూడా కాదల్లే ఉంది."

కాలమ్ నవ్వాడు. మరెవరూ నవ్వలేదు. పాదు అంచున పార ఆనించి, బూటుతో తొక్కాడు. జానెడు దిగి, అడుగున ఏదో గట్టిదానికి తగిలి కర్రుమంది.

ఎనిడ్ కళ్ళు మూసుకుంది. ఇంకో నాలుగు పోట్లు పడితే అంతా బయటపడుతుంది.

"ఆపరా," అన్నాడు సెడ్రిక్. కుర్రాడి మోచెయ్యి పట్టుకున్నాడు. "పార తియ్యి."

"రాయేనండీ."

"రాయైతే రాయిగానే ఉండనీ. వాగు పక్కన ఇంకో మడి ఉంది, అది ఇస్తాను పద." ఎనిడ్ బూట్ల మీంచి చూపు ఎత్తకుండా అన్నాడు. "సాగులోనే ఉందని నేను చెప్పుకుంటాలే. నాకేం తెలియదు, తెలియనూ అక్కర్లేదు."

"నేనేం అడ్డుపడలేదు సెడ్రిక్."

"పడలేదు, పడలేదు. ఎవరన్నారు పడ్డావని?"

వాళ్ళు కట్ట దిగి మంచులో కలిసిపోయేదాకా ఆమె కదల్లేదు. తరవాత మోకాళ్ళ మీద కూర్చుని, పార లేపిన మట్టిని రెండు చేతులతో అదిమి, పసిబిడ్డకి దుప్పటి సర్దినట్టు సర్దింది.

సరిగ్గా అదే వేళకి, దేశానికి ఆ చివర, సముద్రం ఒడ్డు ఊళ్ళో, ఇంకొకావిడ వంటింట్లో, క్లిఫర్డ్ రెండో గుడ్డు పగలగొట్టుకుని ఉప్పు ఎక్కడుందని అడిగాడు.